గట్టున పెట్టని ఒట్టు

ఉరి ఆపిన జడ్జి కుర్చీకే ఎసరొచ్చిందన్న కబురు మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గరికి వచ్చింది.

1981. షికాగో పక్కన రేడియో విడిభాగాలు బిగించే ఫ్యాక్టరీ. సుమతి డబ్బా మూత తీసి పులిహోర సగం జుబేదా వైపు జరిపింది. జుబేదా ముట్టుకోలేదు. నాంపల్లిలో పుట్టి, కరాచీకి కోడలై, అక్కణ్ణించి ఇక్కడికొచ్చిన మనిషి. ఆమె మరిది రఫీక్ కరాచీ మిల్లులో సమ్మె నడిపాడని సైనిక కోర్టు అతనికి ఉరిశిక్ష వేసింది. పై కోర్టు జడ్జి ఒకాయన ఆపాడు. ఇప్పుడు అక్కడి జడ్జీలంతా దేశాన్నేలుతున్న జనరల్ ఆజ్ఞలకు లోబడతామని కొత్తగా ప్రమాణం చెయ్యాలట.

“జడ్జి సాబ్ ఒట్టెయ్యనన్నడంట,” అంది జుబేదా.

“చాదస్తం కాకపోతే, పైకి వేసెయ్యమనవే. ఒట్టు తీసి గట్టున పెట్టమను. కుర్చీ మిగిలితే మీ మరిది మిగులుతాడు,” అంది సుమతి.

“మా ఆయన సిగరెట్ల మీద రోజూ ఒట్టేస్తాడు. మా గట్టు నిండిపోయింది,” అంది పక్క స్టూలు నాగమణి. బల్లంతా నవ్వింది.

జుబేదా నవ్వలేదు. “గా ఒట్టుల్నే ఉన్నది సుమతీ, ఫౌజు కోర్టు తీర్పు ముట్టనని. ముట్టకుంటే కుర్చీల కూసుండి ఏం జేస్తడు? ఉరి చూస్తడా?”

సుమతి చేతిలో ముద్ద మళ్ళీ డబ్బాలో పెట్టేసింది.

ఆదివారం అందరూ రైలెక్కి వెళ్ళి జుబేదా అత్తింటి దేశపు కాన్సులేట్ ఆఫీసు ముందు నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని నిలబడ్డారు. తలుపులు మూసి ఉన్నాయి. ఆదివారం సెలవని ఒక్కరికీ తట్టలేదు. వాళ్ళకి తీరికయ్యేది ఆ రోజే మరి.

జడ్జిని ఇంటికి పంపారు. వారం తిరక్కుండా రఫీక్‌ని ఉరితీశారు.

ఆ కబురు తెలిసిన రోజు జుబేదా స్టూలు ఖాళీగా ఉంది. ఆడవాళ్ళు విడిభాగాలు మోసుకొచ్చే బెల్ట్ ఆపేశారు. ఫోర్‌మన్ డేవ్ వచ్చాడు.

“ఎక్కడో ఎవడో చస్తే నా బెల్ట్ ఆగాలా? ఇంకెప్పుడూ ఆపబోమని చెయ్యెత్తి మాటివ్వండి. ఎత్తనివాళ్ళు ఇంటికి.”

“ఎత్తేద్దామే,” అంది నాగమణి గొంతు తగ్గించి. “ఉత్త మాటేగా. గట్టున పెట్టేద్దాం.”

ఎత్తినా రఫీక్ రాడు, ఎత్తకపోయినా రాడు. వచ్చే నెల అద్దె గడువు మాత్రం వస్తుంది. సుమతి ఖాళీ స్టూలు వైపు చూసింది.

“ఆ గట్టు మీద శవం ఉందే,” అంది.

సగం లేచిన నాగమణి చెయ్యి దిగిపోయింది. ఎవరి చెయ్యీ లేవలేదు.

వాళ్ళు కోట్లు తొడుక్కుంటుండగానే గేటు బయట పనికోసం కాచుకున్న ఆడవాళ్ళని లోపలికి పిలిచారు. డేవ్ పనిలో కూర్చోబెట్టకముందే అదే మాటకి వాళ్ళ చేతులెత్తించాడు. అన్నీ లేచాయి. సుమతి తలుపు దాటబోతూ ఆగింది. ఆ చేతుల్లో ఒకటి దిగింది.

“ఈ మాట దేనికి?” అని అడుగుతోంది చెయ్యి దించినామె.