జాబితాలో ఆఖరి వరుస

ఓడ మునిగిందని తెలిసినప్పటి నుంచి కోడలికి కాళ్లూ చేతులూ ఆడటం లేదు. ఆమె మొగుడు ఆ ఓడలో వంటవాడు. ఆమె ఇంట్లోనే టైపింగు పని చేసుకుంటుంది కాబట్టి ఫ్యాక్సు ఉంది. బతికి బయటపడ్డవాళ్ల జాబితా దానికే పంపిస్తామని ఓడ కంపెనీవాళ్లు పొద్దున చెప్పారు.

మధ్యాహ్నానికి ఫ్యాక్సు మోగింది. కాగితం మెల్లగా బయటికి రాసాగింది. కెప్టెను, ఇంజనీరు, ఎలక్ట్రీషియను. హోదాల ప్రకారం రాస్తారు కాబట్టి, బతికుంటే వంటవాడు ఆఖరి వరుసలో ఉంటాడు. సరిగ్గా అప్పుడే కంప్యూటరు పక్కన మోడెం కీచుమంది. ఫ్యాక్సు సగంలో ఆగిపోయింది.

"ఆ కీచుపిట్ట నోరు పడిపోను, ఇప్పుడే కూయాలా?" అంది అత్తగారు.

"దాన్నెందుకు తిడతారు అత్తయ్యా? ఈమెయిల్లో ఏమైనా కబురొస్తుందేమోనని, పది నిమిషాలకోసారి దానంతటదే ఫోను చేసేట్టు పొద్దున నేనే పెట్టాను. రెండింటికీ ఉన్నది ఒక్కటే లైనని నా పాడు బుర్రకి తట్టలేదు."

కోడలు మోడెం వైరు పీకి అవతల పారేసింది. ఇద్దరూ ఫ్యాక్సు ముందు నేల మీద కూలబడ్డారు.

కాసేపటికి అది మళ్లీ మోగింది. జాబితా మళ్లీ కెప్టెను దగ్గర్నుంచే మొదలైంది. ఇంజనీరు వచ్చాడు. ఎలక్ట్రీషియను వచ్చాడు. ఆ కింద తెల్ల కాగితం ఇంకా కదులుతూనే ఉంది. కోడలి చెయ్యి తనకు తెలియకుండానే, ఆఖరి వరుస రాకముందే పీకేసేట్టు, ఫ్యాక్సు వైరు మీదికి పోయింది.

అక్కడ అప్పటికే అత్తగారి చెయ్యి ఉంది.