వెలగని మూడు బల్బులు

ఇళ్ల ప్లాన్లు గీసే ఆవిడను ఆఫీసులో అందరూ ప్లానమ్మ అనేవారు. నరాల జబ్బుతో రెండు చేతులూ పడిపోయి ఏడాదైంది. తరవాత ఆరునెలలు తిప్పలు పడి, తలతో గీయడం నేర్చుకుంది. నెత్తిన ఒక టోపీ, దాని ముందు మూడు చిన్న బల్బులు. వాటి పరారుణ కాంతిని కంప్యూటర్ మీది కెమెరా పట్టుకుంటుంది. తల ఎటు తిరిగితే తెరమీద బాణం అటు పోతుంది. క్లిక్ చేయడానికి కాలికింద మీట.

ఆవేళ పదకొండు గంటలకు ఇంజినీరుగారి ముందు ఒక గది గీసి చూపించాలి. గీస్తే ఆఫీసులో పాత కుర్చీ ఆవిడది. లేకపోతే ఇంకొకరిది.

పదిన్నరకు ఆఫీసు కంప్యూటర్ ముందు భర్త ఆవిడకు టోపీ పెట్టాడు. బల్బులు మూడూ ఎర్రగా జిగేల్మన్నాయి. బాణం మాత్రం బెల్లంకొట్టిన రాయిలా ఉండిపోయింది.

"ఈ ఎరుపెక్కడిదండీ?"

ఆయన మురిసిపోతూ చెప్పాడు. నిన్న టోపీ తుడుస్తుంటే ఒక్క బల్బూ వెలగలేదట. ఆవిడ కంగారుపడుతుందని చెప్పకుండా, రేడియోలు బాగుచేసే అతని చేత కొత్తవి వేయించాడట.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. కెమెరా పట్టుకునే వెలుగు మనిషి కంటికి ఆనదని ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

"నన్నొక్క మాటడిగితే మీ నోటి ముత్యాలు రాలిపోతాయా? చేతులు పోయాయిగానీ నాకు నోరు పోలేదుగా."

వెలగనిది బల్బెలా అవుతుందని ఆయన నసిగాడు.

"పొద్దున్నే కళ్లు మూసుకుని గంటసేపు ఎవరికండీ దణ్ణం పెడతారు? ఆయనేమైనా ఎర్రగా వెలిగి కనపడుతున్నాడా మీకు?"

పక్కబల్ల గుమాస్తా నవ్వు ఆపుకోలేక దగ్గాడు. భర్త చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. పాత బల్బులు పారేయడానికి మనసొప్పలేదట. టోపీ, పొట్లం పట్టుకుని రేడియోల అతని దగ్గరికి పరుగెత్తాడు.

తిరిగొచ్చేసరికి పదకొండుంబావు. పాత బల్బులే మళ్లీ అతికించారు. ఈసారి ఆయన ఫోన్ కెమెరాలోంచి చూశాడు. కంటికి ఆనని చోట లేత ఊదారంగు చుక్కలు మూడు కనిపించాయి.

ఇంజినీరుగారు గడియారం చూసుకుంటున్నారు. బాణం కదిలింది, కానీ వణుకుతోంది. ఆవిడ కోపమంతా మెడలోనే ఉంది. మొదటి గోడ వంకరపోయింది. చెరిపేసింది. రెండోదీ అంతే.

"నామీద కోపం ఇంటికెళ్లాక తీర్చుకుందువుగాని," అన్నాడు భర్త మెల్లగా.

"తీర్చుకుంటాను," అంది తెరమీంచి చూపు మరల్చకుండా.

పళ్లు బిగబట్టి తల నిలిపింది. మూడోసారి గోడ తిన్నగా వచ్చింది. తరవాత మిగతా మూడూ.

ఇంజినీరుగారు కుర్చీ లాక్కుని, తలుపెటువైపని అడిగారు. ఆవిడ తల కాస్త కుడికి తిప్పింది. బాణం అక్కడికెళ్లి ఆగింది. రేపటినుంచి పదింటికల్లా రమ్మన్నారాయన.

నుదుటి చెమట తుడవబోయాడు భర్త.

"టోపీ జోలికి రాకండి," అంది ఆవిడ.