కుడిచేతికి సంచీ

పొయ్యి మీద పాలు పొంగేలోగా కూతురి కుడిచేతికి సంచీ తొడిగేయాలి. పిల్లకి నిద్రమత్తు వదిలిందంటే ఇక దాని వెనక ఇల్లంతా తిరగాలి. ఆ సంచీ తల్లే స్వయంగా కుట్టింది, మెత్తటి గుడ్డతో, లోపల దూది పెట్టి, మణికట్టు దగ్గర గుండీలు వేసి. కుట్టుపని కార్ఖానాలో గుడ్డ కత్తిరించడంలో పేరు తెచ్చుకున్న మనిషి. ఇన్నేళ్లు నేర్చిన పని కన్నకూతురి చెయ్యి కట్టేయడానికి పనికొచ్చిందని కుట్టేటప్పుడు ఏడ్చింది కూడా. ఏడుపు ఏడుపే, కుట్టు మాత్రం వంకర పోలేదు.

పిల్లకి ఆగకుండా వచ్చే ఫిట్స్ తగ్గాలంటే మెదడులో జబ్బుపడ్డ కుడి సగానికి, ఎడమ సగానికి సంబంధం తెంపేయాలన్నారు డాక్టర్లు. తెంపారు. ఫిట్స్ ఆగిపోయాయి. నాలుగేళ్ల పిల్ల మళ్లీ నవ్వింది, మళ్లీ నడిచింది, కాస్త కాలు ఈడ్చుకుంటూ. ఎడమచెయ్యి మాత్రం ఎవరో ఒళ్లో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉండిపోయింది.

"మిగిలిన సగం తెలివైనదమ్మా, పోయినదాని పనులు కొన్ని నేర్చుకుంటుంది" అంది ఫిజియోథెరపీ ఆవిడ. "వేళ్లు విడివిడిగా ఆడతాయని మాటివ్వలేను. కానీ పట్టుకోవడం, ఎత్తడం వస్తాయి. ఈ వయసులోనే రావాలి. మంచిచెయ్యి ఖాళీగా ఉంటే అన్నీ అదే చేసేస్తుంది. దాన్ని కట్టేస్తేనే రెండోదానికి అవసరం పడుతుంది. పిల్ల ఏడుస్తుంది. మీరు కరిగిపోకూడదు."

కరిగిపోకూడనిది ఎవరో ఇంట్లో ఎవరూ చర్చించలేదు. ఆమే అని అందరికీ ముందే తెలుసు. సంచీ తొడిగే వేళకి భర్తకి స్నానం గుర్తొస్తుంది. ఏడుపు వినపడకుండా కుళాయి పూర్తిగా తిప్పేస్తాడు. ఎంత మురికో పాపం! "నేను చూడలేనే. నువ్వు గట్టిదానివి" అంటాడు తల తుడుచుకుంటూ. అత్తగారు గుమ్మంలో నిలబడి గుండె పట్టుకుంటుంది. "కోత పడ్డ పిల్లకి ఉన్న ఒక్క చెయ్యీ కట్టేస్తావా? నీకు మనసెలా ఒప్పుతుందే తల్లీ?" అంటుంది. పిల్ల గిన్నెలోని అరటిపండు ముక్క కోసం ఎడమచేతిని బల్ల మీద ఈడుస్తుంది, తోస్తుంది, ముక్క కింద పడుతుంది, గొంతు పగిలేలా ఏడుస్తుంది. ఆమె ఇంకో ముక్క పెడుతుంది. నోట్లో పెట్టేస్తే ఎంతసేపు? ఆ పెట్టకుండా ఉండడమే పని. ఆ పనికి చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంటే, "కూర్చునే ఉన్నావుగా, ఈ బట్టలు మడతపెట్టు" అంటారు. సాయంత్రం సంచీ విప్పే వేళకి భర్త ఇంటికొస్తాడు. "అమ్మ చెడ్డది" అంటూ పిల్ల ఆయన మెడకి చుట్టుకుపోతుంది, అమ్మ వంకైనా చూడదు. మందూ అమ్మే, ఏడుపూ అమ్మే. ముద్దులు మాత్రం నాన్నవి. ఆమె మడతపెట్టిన బట్టలే మళ్లీ మడతపెట్టేది. అసూయ అనుకుంటే సిగ్గేసేది, కాదనుకుంటే అబద్ధమయ్యేది.

కార్ఖానా యజమానురాలు ఫోన్ చేసింది. సెలవు అయిపోతోంది, కత్తిరింపు బల్ల ఖాళీగా ఉంది, వస్తావా, ఇంకొకరిని పెట్టుకోనా అని. "నువ్వెళ్తే సంచీ ఎవరు తొడుగుతారు? మానెయ్యరాదూ" అన్నాడు భర్త, కిటికీ తలుపు వెయ్యరాదూ అన్నంత తేలిగ్గా. ఆ ఆదివారం ఒక్క పూట వెళ్లి కొత్తమ్మాయికి కొలతలు చూపించి వస్తానని, సంచీ తొడిగేసి, తండ్రీకూతుళ్లని వదిలి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి ఇల్లు ప్రశాంతంగా ఉంది. గిన్నె ఖాళీ. నేల మీద ఒక్క ముక్క లేదు. సంచీ చేతికే ఉంది, గుండీలు పెట్టే ఉన్నాయి.  కన్నతల్లి కదా, ఎడమచేత్తోనే తినేసిందని నమ్మేసింది. గబగబా విప్పింది, ముద్దు పెట్టుకుందామని. కుడిచేతి వేళ్ల మధ్య అరటిపండు గుజ్జు అంటుకుని ఉంది. ఎడమచెయ్యి కడిగినట్టు శుభ్రంగా ఉంది.

"ఏడ్చిందే" అన్నాడు భర్త నేల చూపులు చూస్తూ. "ఒక్కసారికి ఏమవుతుంది?"

"మరి అది తినేశాక మళ్లీ ఎందుకు తొడిగారు?"

ఆయన ఖాళీ గిన్నె చేతిలోకి తీసుకున్నాడు.

"నాకు వినపడదనుకున్నారా ఆ ఏడుపు? నాకూ చెవులున్నాయి. జాలి మీరుంచుకుని, ఏడిపించే పని నా నెత్తిన పెట్టి, గట్టిదానివని పేరు పెట్టారు. నేను పుట్టుకతో గట్టిదాన్ని కాదు. నాకు అవసరం పడింది, నేర్చుకున్నాను. మీరెప్పటికి నేర్చుకుంటారు, అన్నీ నేనే చేసేస్తుంటే?"

"అది కాదు..."

"ఆ చెయ్యి పనికిరాకుండా పోతే మనం పోయాక దానికి పండు ఎవరు తినిపిస్తారు? మీ జాలి తినిపిస్తుందా?"

అత్తగారు కొడుకు చేతిలోని గిన్నె అందుకుని లోపలికి వెళ్లింది.

మర్నాడు ఆయన ఆఫీసుకి సెలవు పెట్టాడు. ఆమె అడిగింది, ఆయన కాదనలేకపోయాడు. పాలు ఆయన్నే పెట్టమంది, అవి పొంగిపోయాయి. సంచీ ఆయన చేతిలో పెట్టి చెప్పులేసుకుంది. మెట్లు దిగుతుంటే ఏడుపు మొదలైంది. కుళాయి శబ్దం కోసం చెవులు రిక్కించింది. రాలేదు. వెనక్కి పరిగెత్తాలని ప్రాణం కొట్టుకుంది. మెట్ల రెయిలింగ్ పట్టుకుని నిలబడింది. పెట్టకుండా ఉండడం కూతురి దగ్గర నేర్చుకుంది కదా, భర్త దగ్గర అంతకంటే కష్టంగా ఉంది. అయినా దిగింది.

ఆ రోజంతా గుడ్డ కత్తిరిస్తూనే ఉంది, వినని ఏడుపు వింటూనే ఉంది.

సాయంత్రం తలుపు తీసేసరికి వంటింటి నేలంతా అరటిపండు. అత్తగారు గొణుక్కుంటూ తుడుస్తోంది. భర్త చొక్కా మీద గుజ్జు, కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "ఒక్కటే" అన్నాడు. "ఒక్క ముక్క తిన్నదే, ఎడమచేత్తోనే. మిగతావన్నీ..." నేల చూపించాడు.

కూతురు కాలు ఈడ్చుకుంటూ తండ్రిని దాటుకుని తల్లి దగ్గరికి వచ్చింది. ఒళ్లోకెక్కి, మెడలో ముఖం దాచుకుంది. ఎండిన గుజ్జు అంటుకున్న ఎడమచెయ్యి మెల్లగా లేచి ఆమె భుజం మీద పడింది.

"అమ్మా, నాన్న చెడ్డవాడు" అంది.

సర్జరీ అయ్యాక కూతురు తన దగ్గరికొచ్చి ఇంకొకరి మీద చాడీ చెప్పడం అదే మొదటిసారి.