మాంద్యం పోయాక కూడా

"శుక్రవారం పదహారు మంది భోజనానికొస్తారు. పరమాన్నం నీ చేత్తోనే అవ్వాలి" అన్నారు మా ఆయన శ్రీరామచంద్రమూర్తి, నేను పప్పులో తాలింపు పెడుతుండగా, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

శుక్రవారం విశాఖపట్నంలో సెమినార్ ఉందని నెల కిందటే చెప్పాను. క్యాలెండర్‌లో ఆ గడికి ఎర్రసిరాతో సున్నా చుట్టాను. ఆ సున్నాలోనే ఆయన ఇప్పుడు "రైతులు" అని రాశారు.

అనకాపల్లి బెల్లం మార్కెట్లో మాది పాత కమిషన్ కొట్టు. సీజన్ మొదట్లో మాకు సరుకు తెచ్చే రైతుల్ని ఇంటికి పిలిచి, తొలి బెల్లంతో పరమాన్నం పెట్టడం మామగారి కాలం నుంచీ మా ఇంటి ఆనవాయితీ. కోడలే వండాలి. వంటవాణ్ణి పెడితే రైతులు చిన్నబుచ్చుకుని పక్క కొట్టుకి పోతారట. పదకొండేళ్ళలో ఒక్క రైతూ నాతో ఆ మాట అనలేదు. పైగా నాతవరం రైతు ఎర్రయ్య ఏటా తను తిన్న ఆకు తనే తీసి, "నీకు ఉంచుకున్నావా తల్లీ?" అని అడిగి మరీ వెళ్తాడు. ఆ రోజు మొత్తం మీద నన్ను ఆ మాట అడిగేది అతనొక్కడే.

నేను డిగ్రీ కాలేజీలో ఆర్థికశాస్త్రం చెబుతాను. సెమినార్‌లో నా అంశం వ్యాపార చక్రాలు. మంచి రోజులు, వాటి వెనక మాంద్యం, మళ్ళీ మంచి రోజులు. ఇవి ఎందుకిలా తిరుగుతుంటాయన్నదానికి ఏ కాలం వాళ్ళు ఏ కారణం చెప్పారన్నది నా వ్యాసం. పందొమ్మిదో శతాబ్దంలో ఒకాయన సూర్యుడి మీద మచ్చల్ని చూపించాడు. మచ్చలు మారితే పంట మారుతుంది, పంటతో వ్యాపారం మారుతుంది. తర్వాతి వాళ్ళు బ్యాంకుల్ని చూపించారు, కొత్త యంత్రాల్ని చూపించారు, పెట్టుబడి పెట్టేవాళ్ళ ధైర్యాన్నీ బెదురునీ చూపించారు. సూర్యుడి మచ్చలనగానే క్లాసులో పిల్లలు నవ్వుతారు. మా ఇంటి సిద్ధాంతం వింటే నవ్వరు, నమ్మేస్తారు. బెల్లం ధర పడిన ఏడు అత్తగారు, "ఇంటి లక్ష్మి బ్యాగు తగిలించుకుని ఊరి మీద పడితే ధర ఎలా నిలబడుద్ది?" అన్నారు. ధర లేచిన ఏడు, "మావాడి బుర్రే బుర్ర" అన్నారు. పడితే నావల్ల, లేస్తే ఆయనవల్ల. ఇంత తేలికైన సిద్ధాంతం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ధర పడిన ఆ ఏడే, అంటే మూడేళ్ళ కిందట, మా ఇంట్లో పనిచేసే కాసులమ్మని మాన్పించారు. "కొన్నాళ్ళు సర్దుకో సుచిత్రా" అన్నారు ఆయన. సర్దుకున్నాను. నాలుగున్నరకి లేచి గిన్నెలు, వాకిలి, అత్తగారికి వేణ్ణీళ్ళు, రెండు పూటల వంట, ఆ తర్వాత కాలేజీ. మరుసటి ఏడు ధర లేచింది. కారు వచ్చింది. ఏసీ వచ్చింది. కాసులమ్మ రాలేదు. అడిగితే, "కబురెట్టేను, రానంది. వాళ్ళకిప్పుడు పొగరు" అన్నారు. నేనూ నమ్మాను. అత్తగారైతే గిన్నె చప్పుడైనప్పుడల్లా కాసులమ్మని తిట్టేవారు.

బుధవారం కాలేజీ నుంచి వస్తుంటే ఆటోలో కాసులమ్మ ఉంది. ఏదో హాస్టల్లో వంట చేస్తోందట. ఒదిగి నాకు చోటిచ్చింది గాని, మొహం పక్కకి తిప్పుకుంది.

"మా ఇంటికి రానన్నావట, కాసులమ్మా?"

"నానా?" గిరుక్కున తిరిగింది. "రెండుసార్లొచ్చేనమ్మా. బాబుగారు గుమ్మంలోనే సెప్పేసేరు, మా ఆవిడకి నీ పని నచ్చట్లేదు, ఆవిడే వొద్దంది అని. తొమ్మిదేళ్ళు సేసేను గదా, ఆ పిల్లకి నానేటి సేసేనని ఇంటికెల్లి ఏడ్సేను."

దిగేటప్పుడు ఆమే నా పుస్తకాల సంచీ అందుకుని నా భుజానికి తగిలించింది. మూడేళ్ళలో నా బరువు ఇంకొకరి చెయ్యి మీదకి వెళ్ళడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చి, అత్తగారి ముందే ఆయన్ని అడిగాను. బుకాయిస్తారనుకున్నాను. అదీ లేదు.

"అయితే ఏటిప్పుడు? పని ఎక్కడైనా ఆగిందా? నువ్వు చేస్తన్నావు గదా, మళ్ళీ మనిషెందుకు?"

చిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్న అత్తగారి చేతులు ఆగాయి. ఆవిడ కొడుకు వైపు చూశారు.

గురువారం మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని వ్యాసం చివరి పేజీ కొట్టేసి మళ్ళీ రాశాను. మాంద్యంలో మార్కెట్ వదిలించుకున్న పని మాయమైపోదు, ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. మంచి రోజులు తిరిగొచ్చినా అది తిరిగి వెళ్ళదు. ఆ పని ఒక మనిషి ఊరికే చేస్తుందని ఇంటివాళ్ళకి తెలిసిపోయి ఉంటుంది.

శుక్రవారం పొద్దున్న కూరలూ పులుసూ వండి, బియ్యం, పాలు, బెల్లం కొలిచి గట్టు మీద పెట్టి చీర మార్చుకున్నాను. ఆయన గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"పదహారు మంది! నా పరువేం గాను?"

"వాళ్ళు పరమాన్నం తింటారండీ. నా చెయ్యి తినరు" అని పక్కనుంచి వచ్చేశాను.

బస్సు గాజువాక దాటుతుండగా ఆయన ఫోన్ చేశారు.

"పాలు విరిగిపోయేయి. బెల్లం ఎప్పుడెయ్యాలి?"

ముక్క విరిచి నాలుక మీద పెట్టుకుంటే అది ఏ ఊరి బెల్లమో చెప్పగల మనిషి.

"అత్తయ్యగార్ని అడగండి."

"అడిగేను. కుర్చీలోంచి లేవట్లేదు. ముప్పై ఏళ్ళు నేను వండేను, నా వంతైపోయింది, సాయమొచ్చే మనిషిని పంపేసింది నువ్వే గదా, నువ్వే తిప్పు గరిటె అంటోంది."

కిటికీలోంచి గాలి మొహానికి కొట్టింది. ఒళ్ళో కాగితాలు ఎగరకుండా అరచెయ్యి పెట్టుకున్నాను.

"వేరే పాలు తెప్పించుకోండి. అన్నం బాగా ఉడకాలి. దించి, చల్లారాక బెల్లం వెయ్యాలి."

"అంతేనా?"

"అంతే. రాసుకోండి. వచ్చే ఏడు ధర లేచినా పడినా, వండేది మీరే."