రాలని కాయ

పరిగె అడవిలోకి పత్తి తీసే ఆడవాళ్ళు చేతులు కట్టేసుకుని వెళ్తారు. పంతుళ్ళకు, ఆసాములకు, ఆటో తోలేవాళ్ళకు ఆ బాధ లేదు, చేతులూపుకుంటూ పోయి చేతులూపుకుంటూ వస్తారు. పత్తి కూలీల వేళ్ళు మాత్రం మాట వినవు. విచ్చిన కాయ కంటపడితే చాలు, మనిషి ఆలోచించేలోపే తీసేస్తాయి.

రాఘవమ్మ రెబెకా చేతులను వెనక్కి పెట్టి తువ్వాలుతో ముడి వేసింది.

"నొప్పిగా ఉందటే?"

"ఇంకా బిగించండి అమ్మగారూ."

రాఘవమ్మ ఆసామి ఇంటి మనిషి. ఆమె చేలోనే రెబెకా ఏళ్ళ తరబడి పత్తి తీసింది. ఊళ్ళో ఆ ఇంటి గడప బయటే నిలబడే రెబెకా ఈ దారిలో మాత్రం ఆమె పక్కనే నడుస్తుంది. మనుషులను ఒక దారిన పెట్టడానికి చావు రావాలి కాబోలు.

నల్లరేగడి చేలు ముగిసినచోట మొదలవుతుంది ఆ అడవి. సర్వే రాళ్ళు పాతితే తెల్లారేసరికి నేల వాటిని మింగేసింది. ఉన్నవన్నీ పత్తిచెట్లే. ఎవరూ విత్తకపోయినా మనిషిని మించి ఎదిగాయి. అక్కడ పిట్ట వాలదు, ఫోను మోగదు. చేలల్లో ప్రాణం పోయినవాళ్ళ ఆఖరి మాట ఆ చెట్లకు కాయై కాస్తుంది. తనవాళ్ళు దగ్గరికొస్తే కాయ వణుకుతుంది. చెప్పాలనిపించిన రోజున తనంతట తానే రాలుతుంది. ఏరుకుని చెవి దగ్గర పెట్టుకుంటే ఆ మాట ఒక్కసారి వినిపించి, దూది పొడై పోతుంది.

చేను కోశాక రాలినవి ఏరుకోవడం బీదవాళ్ళ హక్కు. దాన్నే పరిగె అంటారు. ఇక్కడా అదే ధర్మం. రాలింది నీది, కొమ్మనున్నది అడవిది. బైబిలు పట్టుకొచ్చినా, పసుపూ కుంకుమా తెచ్చినా మారదు. కోసుకొచ్చిన మాట ఆరదని పెద్దలు అంటారు. ఆ మాటకు అర్థమేమిటో రెబెకా ఎప్పుడూ అడగలేదు.

రాఘవమ్మ మొగుడు మోటారు దగ్గర కరెంటు షాకుతో పోయాడు. ఆయన కాయ కిందటేడు రాలింది. "గేదెకి కుడితి పెట్టావటే?" అన్నాడట. "ఇంత కాపురం చేసి ఆఖరికి గేదె మాటా!" అని రాఘవమ్మ అక్కడే కూలబడి నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. ఆమెకిక అడవిలో పని లేదు. రెబెకా చేతులు కట్టడానికే వస్తోంది.

రెబెకా కూతురు హెలెన్ రాఘవమ్మ చేలోనే పోయింది, పత్తితీత నడుస్తుండగా, పురుగుమందు తాగి. ఆ మందు అక్కడ పెట్టింది రెబెకానే. తన కౌలు మిరపకు కొడదామని మిగిలిన మందు కూల్‌డ్రింకు సీసాలో పోసుకుని, గట్టున అన్నం క్యారియర్ల పక్కన ఉంచింది. ఈ ప్రాంతంలో అందరూ చేసే పనే. అది మందని పిల్లకు చెప్పాననే రెబెకా నమ్మకం. చెప్పాక కూడా తాగిందంటే కావాలనే తాగినట్టు.

ఆ పొద్దున్నే, ఫోను పట్టుకు కూర్చుందని కూతుర్ని నోటికొచ్చినట్టు తిట్టింది. "నిన్ను కన్న కడుపు కాలా" అంది. తల్లులు రోజుకోసారి అనే మాటే. ఊరికి ఇంతకంటే ఏం కావాలి? ఎవరో కుర్రాడన్నారు, పరువన్నారు. పాస్టరుగారు సమాధుల తోటలో చోటైతే ఇచ్చారు గానీ ప్రార్థన రెండు ముక్కల్లో ముగించారు. ఆ పొట్టి ప్రార్థన రెబెకాను తినేస్తోంది. బిడ్డ తన తిట్టుకు పోయిందా, పొరపాటున పోయిందా? ఆ ఒక్కటి తెలిస్తే చాలు.

హెలెన్ కాయ ఎప్పటిలాగే సగం పగిలి, బిగదీసుకుని ఉంది. తల్లి దగ్గరికి రాగానే వణికింది. పక్క కొమ్మల కాయలన్నీ ఎన్నిసార్లు రాలి మళ్ళీ కాశాయో. ఇది మాత్రం కదలదు.

"ఇంకా కోపం తగ్గలా దీనికి" అంది రెబెకా.

"చెప్పాలనుంటే ఎప్పుడో రాలేది. చెప్పబుద్ధి కావట్లా దానికి. బలవంతం ఏంటే? పద, ఇంటికి పోదాం."

"హెలెనూ, నీ కాళ్ళు పట్టుకుంటానే. తిట్టాలంటే తిట్టు. నీ ఉసురు నాకు తగిలిందనైనా చెప్పు." మోకాళ్ళ మీద పడి ఏడ్చింది రెబెకా. పైన కాయ పగులు కొంచెం విడింది. తెల్లటి దూది బయటికొచ్చింది.

"రాలతంది అమ్మగారూ! కట్టు విప్పండి, కొంగు పడతాను. ముళ్ళల్లో పడిపోద్ది!"

రాఘవమ్మ మనసు కరిగింది. ముడి విప్పింది. రెబెకా లేచి రెండు చేతులతో కొంగు పరిచి కాయ కింద నిలబడింది. కాయనే చూస్తోంది. కుడిచెయ్యి కొంగు ఎప్పుడు వదిలిందో ఆమెకు తెలియదు. కాయ మీదికి వెళ్ళింది, వేళ్ళు ముడుచుకున్నాయి, దూది చేతిలోకి వచ్చేసింది. ఆకు తుంపు అంటకుండా శుభ్రంగా తీసింది. ఊరంతా మెచ్చుకునే తీత అది.

"ఎంత పని చేశావే!" అంది రాఘవమ్మ.

దూదిలోంచి హెలెన్ గొంతు వచ్చింది.

"అమ్మా, ఈ సీసాలోవేనా నీళ్ళు?"

రెబెకా ముఖం వెలిగిపోయింది. "విన్నారా అమ్మగారూ! నీళ్ళనుకుంది! నా బిడ్డ నీళ్ళనుకుని తాగింది! నా తిట్టుక్కాదు!" దూదిని గుండెకు అదుముకుని గట్టిగా నవ్వింది. ఆమె అలా నవ్వడం రాఘవమ్మ చూసి చాలాకాలమైంది.

"అమ్మా, ఈ సీసాలోవేనా నీళ్ళు?"

ఆ నవ్వు మెల్లగా ఆగిపోయింది. పిల్ల మళ్ళీ అడుగుతోంది. అమ్మనే అడుగుతోంది. అప్పుడు గుర్తొచ్చింది రెబెకాకు. నెత్తిన ఎండ, తీసిన పత్తితో బరువెక్కిన ఒడి, ముందు మిగిలిపోయిన సాలు, దూరంగా గట్టు మీంచి ఒక కేక. తను తలెత్తలేదు, కాయల మీంచి చూపు తిప్పలేదు. "ఆఁ, అవే. తాగి తొరగా రా" అంది. అన్న మరుక్షణమే మరిచిపోయింది. పనిలో ఉన్న మనిషి అన్న మాట ఎవరికి గుర్తుంటుంది? "నేనే తాగమన్నాను అమ్మగారూ" అంది.

"పిచ్చిదానా, నీకు తెలియకూడదనే ఆ మాట పట్టుకుని కూర్చుందే అది" అంది రాఘవమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

రెబెకా దూదిని మళ్ళీ ఆ కాయ డొప్పలో పెట్టి ఒత్తింది. చీరలోంచి దారం లాగి కట్టింది. నిలవలేదు. పుట్టినప్పటినుంచీ తీయడమే తెలిసిన వేళ్ళవి, తిరిగి పెట్టడం వాటికి చేతకాలేదు.

పొరపాటున తాగిందని ఊరికి తెలిసింది. పాస్టరుగారు సమాధి దగ్గరికి వచ్చి ఈసారి నిండుగా ప్రార్థన చేశారు. ఊరు నోరు మూసుకుంది. రెబెకా కోరుకున్నదంతా జరిగింది.

ఇప్పటికీ ఆమె పత్తితీతకు వెళ్తుంది. ఆ దూది ఆమె ఒడిలోనే ఉంటుంది, పొడై పోదు, ఆరిపోదు. సాళ్ళలో పక్కవాళ్ళకు కూడా ఆ గొంతు వినిపిస్తుంది. అడిగిన ప్రతిసారీ రెబెకా పని ఆపేస్తుంది, నడుము ఎత్తి నిలబడుతుంది, గట్టు వైపు చూసి కేకేస్తుంది.

"కాదమ్మా! నీళ్ళు కావమ్మా! తాగమాక!"

దూది కాసేపు ఊరుకుంటుంది. తర్వాత మళ్ళీ అడుగుతుంది.