బస్సు తిరిగే మూల

దారేగోల్ ప్రాథమిక పాఠశాలలో పిల్లలు పదకొండు మంది, టీచర్లం నలుగురం, పైన ఒక విదేశీ టీచరు. ఆమె పనులన్నీ చూసేది నేను. చూడటమంటే ఆమె పక్కన నిలబడి ఇంగ్లీషు పాఠం చెప్పించడం ఒక్కటే కాదు. గదిలో గ్యాస్ అయిపోతే నాకే ఫోను, బ్యాంకులో సంతకం కావాలంటే నేనే, పన్ను నొప్పి వస్తే డాక్టరు ముందు నోరు తెరవడం ఒక్కటే ఆమె వంతు, మిగతా మాటలన్నీ నావే. మా దగ్గర ఇంతే. విదేశీ టీచరును ఎవరికి అప్పగిస్తే వాళ్ళే ఆమెకు అన్నీ. ఆమెకేం కావాలో ఆమెకన్నా ముందు నాకే తెలుసని నేను నిజంగానే నమ్మేదాన్ని.

ఆమె పేరు తండేకా. దక్షిణాఫ్రికా నుంచి వచ్చి రెండేళ్ళు కావస్తోంది. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల, పొడగరి, మంచు పడితే చాలు తిట్టుకుంటూ మూడు స్వెట్టర్లు తొడుక్కునేది. సాయంత్రం బడి వదిలాక తిన్నగా ఊళ్ళో ముసలివాళ్ళంతా చేరే వృద్ధుల గదికి పోయి, వెచ్చటి నేల మీద ముసలమ్మల మధ్య కూర్చుని వెల్లుల్లి ఒలిచేది. హ్వాతు ముక్కలాటలో వాళ్ళని ఓడించడం కూడా నేర్చింది. ఆగస్టులో ఆమె కాంట్రాక్టు అయిపోతుంది. ఇంకో ఏడాది ఉంటుందా, తన స్నేహితులంతా ఉన్న సిటీకి పోతుందా అన్నదే ఆ వసంతమంతా మా బడిలో అందరి దిగులు. ఆమె పోతే మా బడికి మరొకరిని పంపించరు, అది ఖాయం.

నా పేరు బాన్ ఒక్జు. యాభై రెండేళ్ళు. ఈ ఊళ్ళోనే పుట్టి, ఈ బడిలోనే చదివి, నానా ఊళ్ళూ తిరిగి మళ్ళీ ఇక్కడికే బదిలీ మీద వచ్చాను. ఊరి మీద ప్రేమతో వచ్చానని అందరూ అంటారు, నేను కాదనను. కానీ మా బడికి మారుమూల బడి అనే హోదా ఉంది. మూడేళ్ళకోసారి విద్యాశాఖ వాళ్ళు ఫారం పంపించి, తర్వాత మనుషుల్ని పంపించి కొలిపిస్తారు. బస్‌స్టాప్ ఎంత దూరం, మందుల షాపు ఎంత దూరం, పోస్టాఫీసు ఎంత దూరం. ఆ హోదా ఉన్నంతకాలం తండేకాకు నెలకు లక్ష వాన్ గ్రామీణ భత్యం వస్తుంది. మాకు వచ్చేవి పాయింట్లు. ప్రమోషన్ పాయింట్లు. పట్నంలో ఎంత గొంతు చించుకున్నా రాని పాయింట్లు ఇక్కడ ఊరికే కొండ గాలి పీలుస్తూ వస్తాయి. నేను వైస్ ప్రిన్సిపాల్ కావడానికి ఇంకొక్క ఏడాది పాయింట్లు కావాలి. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచిందని అనకండి.

ఇంతలో ఊరికి బస్సు వచ్చి పడింది.

తొమ్మిదేళ్ళుగా ఊరివాళ్ళు అర్జీలు పెట్టుకుంటున్న బస్సు. మా ఊరి నుంచి పెద్ద రోడ్డు మీది స్టాపుకు రెండున్నర కిలోమీటర్లు, సగం ఎత్తు, సగం పల్లం. ఊళ్ళో ఉన్నవాళ్ళలో ముప్పాతిక మంది డెబ్బై దాటినవాళ్ళు. మార్చిలో కౌంటీ ఆఫీసు వాళ్ళు సరేనన్నారు. రోజుకు నాలుగు ట్రిప్పులు, మే మొదటి వారం నుంచి. ఒక్కటే షరతు, బస్సు వెనక్కి తిరగడానికి చోటు కావాలి. ఆ చోటు తక్ బున్నే పెద్దమ్మ పొలం మూల. మా అమ్మకు ప్రాణ స్నేహితురాలు ఆమె. ఎనభై ఒకటి నిండాయి, రెండు మోకాళ్ళూ అరిగిపోయి, పదిహేను రోజులకోసారి టౌనులో క్లినిక్‌కు పోయి సూదులు వేయించుకుంటుంది. ఊళ్ళో అందరికన్నా ఆ బస్సు అవసరం ఆమెకే. అడగ్గానే మూల రాసిచ్చేస్తానంది.

ఆ మూల మా బడి గేటుకు రెండు వందల మీటర్లు. కొలతలకు వచ్చేది జూన్ ఆఖరున. బస్సు మేలోనే వచ్చేస్తే మా హోదా పోయినట్టే. హోదా ఈసారి నిలబడితే మరో మూడేళ్ళు ఎవరూ అడగరు. ఆ లెక్క వేసుకోవడానికి నాకు ఒక్క రాత్రి కూడా పట్టలేదు.

ఏప్రిల్ మధ్యలో ఒక వాన రోజు బున్నే పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. విత్తనపు బంగాళదుంపలు మొలక కళ్ళు చూసి ముక్కలు కోస్తోంది.

"ఏమే ఒక్జూ, వానలో ఏంటే. బడి కూలిపోయిందా?"

"కూలలేదు పెద్దమ్మా. ఒక మాట అడుగుదామని."

"అడుగు. నిలబడి అడిగితే అప్పు అడిగినట్టుంటుంది, కూర్చో."

కూర్చున్నాను. తండేకా సంగతి చెప్పాను. బస్సు వస్తే ఆ పిల్ల భత్యం పోతుందనీ, భత్యం పోతే ఇంత దూరంలో ఉండాల్సిన ఖర్మ ఆమెకేంటనీ, సిటీకి వెళ్ళిపోతుందనీ చెప్పాను. పిల్లలు ఏమైపోతారో చెప్పాను. నా గురించి మాత్రం చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు అంటే బాగుంటుంది కానీ, నిజానికి చెప్పకూడదనే వెళ్ళాను.

"అయితే ఏం చెయ్యమంటావ్?"

"ఆ మూల కూడా ఈ ఏడు దుంపలు పెట్టేయ్. దుంపలు తవ్వాక ఇస్తానని చెప్పు. జూలైకల్లా అయిపోతుంది."

పెద్దమ్మ కత్తి పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది.

"సరే," అంది. "మోకాళ్ళెక్కడికి పోతాయిలే, ఇన్నేళ్ళు లాగినవి ఇంకో రెండు నెలలు లాగవా. అన్నం తిన్నావా?"

అంతే. ఊరిపెద్ద గ్యే కౌంటీ ఆఫీసుకు ఫోన్ చేసి, పొలంలో పంట ఉందని చెప్పాడు. పంట మాట ఎత్తితే మా దగ్గర ఏ ఆఫీసరూ మారు మాట్లాడడు. బస్సు జూలైకి వాయిదా పడింది. వృద్ధుల గదిలో ముసలమ్మలందరికీ సంగతి తెలిసింది, తండేకాకు ఒక్కదానికే తెలియదు. ఆ పిల్ల వెల్లుల్లి ఒలుస్తూ బస్సు ఎప్పుడొస్తుందని అడిగితే, దుంపలు కాయనీ అని అందరూ ఒక్క గొంతుతో చెప్పేవాళ్ళు.

నేను తండేకాను ఉంటావా పోతావా అని అడగలేదు. అడిగితే పోతానంటుందేమోనని భయం. పైగా డబ్బు సంగతి ముఖం మీద అడగడం మాకు అలవాటు లేదు. ఆమె తరఫున నేనే అంతా చక్కబెట్టానని మనసులో గొప్పగానే అనుకున్నాను.

మే అంతా పెద్దమ్మ నడకకు ఊతంగా నాలుగు చక్రాల బండి తోసుకుంటూ పెద్ద రోడ్డు దాకా నడిచింది. బడి కిటికీలోంచి కనపడేది. మొదటిసారి చూసి తల తిప్పుకున్నాను. రెండోసారి కిటికీ తెర దించాను. జూన్‌లో ఆమె కనపడటం మానేసింది. మోకాలు తగ్గి ఉంటుందిలే అనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని కాను, అనుకోవాలనుకున్నాను, అంతే.

జూన్ మూడో వారం, శనివారం మధ్యాహ్నం. సన్నగా జల్లు పడుతోంది. టౌనుకు పోయిన తండేకా పెద్ద రోడ్డు మీద బస్సు దిగి నడిచి వస్తూ, దారిలో కల్వర్టు మీద కూర్చుని ఉన్న బున్నే పెద్దమ్మను చూసిందట. నెల రోజులుగా సూది లేక మోకాలు వాచిపోతే, ఇక తప్పదని బయలుదేరి, సగం దారిలో లేవలేక కూర్చుండిపోయింది. తండేకా ఆమెను వీపు మీద ఎక్కించుకుని ఇంటికి తెచ్చింది. వీపు మీద కూర్చున్న మనిషి ఊరికే ఉంటుందా? దారిపొడుగునా కబుర్లు చెప్పింది. బస్సు ఎందుకు రాలేదో కూడా ఆ కబుర్లలో చెప్పేసింది.

సోమవారం పొద్దున తండేకా స్టాఫ్ రూములో నా బల్ల ముందుకొచ్చి నిలబడింది. మిగతావాళ్ళు క్లాసులకు వెళ్ళిపోయారు. మామూలుగా ఆ పిల్ల మా భాష మాట్లాడితే తప్పులకు తనే నవ్వేది. ఆ రోజు నవ్వలేదు.

"ఒక్జు టీచర్, బస్సు నా కోసం ఆపారా?"

"కూర్చో తండేకా, చెప్తాను."

"కూర్చోను. నా లక్ష వాన్ కోసమేనా?"

"నువ్వు వెళ్ళిపోతావని భయపడ్డాం. ఆ డబ్బు కూడా లేకపోతే ఈ కొండల్లో నువ్వెందుకు ఉంటావు?"

"నేను మే నెలలోనే సంతకం పెట్టాను. ఇంకో ఏడాది. మీరు ట్రైనింగ్‌కు వెళ్ళిన వారం కాగితం ఆఫీసులో ఇచ్చేశాను. భత్యం పోవచ్చని గుమాస్తా గారు అప్పుడే చెప్పారు. పోతే పోనీ అన్నాను."



"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీరు అడగలేదు. అన్నీ అడుగుతారు, తిన్నావా, నిద్రపోయావా, దుప్పటి సరిపోతోందా అని. ఇది ఒక్కటి అడగలేదు." ఆమె గొంతు తగ్గింది. "మా నాయనమ్మ కూడా ఇలాగే క్లినిక్‌కు నడుస్తుంది. మా ఊళ్ళో బస్సు లేదు, నడవక తప్పదు. ఇక్కడ బస్సు మేలోనే వచ్చేది. నా పేరు చెప్పి ఇంకొకరి నాయనమ్మను నడిపించారు. నాకు చాలా సిగ్గుగా ఉంది, టీచర్."

ఆమె వెళ్ళిపోయింది. రెండో తరగతి గదిలోంచి పిల్లలు ఆమెను చూసి కేరింతలు కొట్టడం వినిపించింది. నేను అక్కడే కూర్చున్నాను. చాలా కోపం వచ్చింది. మొదట ఆ పిల్ల మీద, చెప్పలేదని. తర్వాత గుమాస్తా మీద. తర్వాత కోపగించుకోవడానికి ఇంకెవరూ మిగల్లేదు. తండేకా ఉంటోంది, భత్యం లేకపోయినా ఉంటోంది. ఇప్పుడు బస్సును ఆపి ఉంచడానికి మిగిలిన కారణం నేనొక్కదాన్నే. కొలతలకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. నోరు మూసుకుని తొమ్మిది రోజులు గడిపితే మూడేళ్ళ హోదా, ఏడాది తిరిగేసరికి వైస్ ప్రిన్సిపాల్ గది. ఎవరూ ఏమీ అనరు. ఆ మాట కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు.

మధ్యాహ్నం రెండు పీరియడ్లు ఏం చెప్పానో గుర్తులేదు. బడి వదలగానే పెద్దమ్మ పొలానికి నడిచాను. వాచిన మోకాలితో ఇంట్లో పడుకుంటుందనుకుంటే, ఆ మూల దగ్గర ప్లాస్టిక్ పీట మీద కాలు చాపుకుని కూర్చుని కలుపు తీస్తోంది. దుంప మొక్కలు తెల్లగా పూత మీదున్నాయి.

"పెద్దమ్మా, ఇవి పీకేద్దాం."

"పిచ్చెక్కిందా? ఇంకా గోలీలంత కూడా ఊరలేదు."

"ఊరకపోయినా పీకేద్దాం. రేపు గ్యే చేత ఫోన్ చేయిస్తాను. బస్సు వచ్చే వారమే రానీ."

"మరి ఆ పిల్ల?"

"ఆ పిల్ల ఎక్కడికీ పోవడం లేదు. ఎప్పుడో సంతకం పెట్టింది." మిగతాదీ చెప్పేశాను. "నేను నీతో అబద్ధమాడాను పెద్దమ్మా. ఆ పిల్ల పేరు చెప్పుకున్నానుగానీ, నా ప్రమోషన్ కోసమే అడిగాను. హోదా ఉంటే నాకు పాయింట్లు వస్తాయి. ఇంకో ఏడాదికి వైస్ ప్రిన్సిపాల్ అవుతాను. అందుకని నిన్ను నడిపించాను. రేపు ఫారంలో బస్సుకు రెండు వందల మీటర్లు అని రాసేస్తాను. ఆ పాయింట్లు నాకొద్దు."

పెద్దమ్మ కలుపు తీయడం ఆపలేదు.

"తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"అదే. నీ పాయింట్ల సంగతి. గ్యే ఎప్పుడో చెప్పాడు, వాడి తోడల్లుడు కూడా టీచరేగా. మా ముసలోళ్ళ గదిలో అందరికీ తెలుసు."

"తెలిసి కూడా ఎందుకు సరేనన్నావు?"

"వానలో తడుసుకుంటూ వచ్చి ఆ పిల్ల కోసం, ఆ పిల్ల కోసం అంటున్నావు. నీ చెవులు సిగ్గుతో ఎర్రగా కందిపోయాయి. మీ అమ్మా అంతే, తనకు కావాల్సింది ఎప్పుడూ వేరేవాళ్ళ పేరు మీదే అడిగేది. నిజం చెప్పు, ఆ పిల్ల ఒక్కదాని కోసమైతే నేను బస్సు ఆపుతానా? డబ్బు చాలకపోతే తలా ఇంత వేసి దుంపలూ బియ్యమూ పంపించేవాళ్ళం." చేతికి అంటిన మట్టి దులుపుకుంది. "ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళలో ఒక్కరూ వైస్ ప్రిన్సిపాల్ కాలేదు. నువ్వు అయితే ఊరి మొదట్లో పెద్ద బ్యానర్ కట్టాలని మేం అనుకున్నాం. మాటలు కూడా రాయించి పెట్టాం. దారేగోల్ ఆడపడుచు బాన్ ఒక్జు అని."

నేను ఆ చాలులోనే కూలబడి ఏడ్చాను. యాభై రెండేళ్ళ మనిషిని, బడికి వేసుకున్న బట్టల్లో, మట్టిలో కూర్చుని, చిన్నపిల్లలాగా ఏడ్చాను.

"మోకాలు వాచిపోతుంటే చెప్పొద్దా?" అన్నాను ఏడుస్తూనే.

"చెప్తే నువ్వు అప్పుడే ఆ పాయింట్లు వద్దనేస్తావు కదే," అంది పెద్దమ్మ. మొదటి మొక్కను మొదలు దగ్గర పట్టుకుని, గట్టిగా పైకి లాగింది.