పెండలానికి మోకాళ్ళు లేవు

తడిసిన మట్టి వాసన. పాకం పెట్టినంత తియ్యగా, ముక్కు వదలని వాసన.

మార్చి నెల పసిఫిక్ నడుమ మా లిఫూ దీవిలో అలాగే ఉంటుంది. పెండలం తవ్వే రోజులు.

ఆ వాసన ఈసారి నాకు సంతోషం ఇవ్వలేదు.

సిమానే బడికి రావడం మానేసి మూడు రోజులు... నా వల్ల.

ఆ రోజు ఫ్రెంచిలో ఒంటి భాగాల పాఠం. తల, మెడ, పొట్ట. ఉన్నది ఒకటే గది, పద్నాలుగు మంది పిల్లలు. సిమానేకి పదకొండేళ్ళు. వాడి అక్క ఓదిల్‌కి పన్నెండు. నేను ఇద్దర్నీ కలిపి బోర్డు దగ్గరికి పిలిచాను. నీ పొట్ట మీద చెయ్యి పెట్టి పేరు చెప్పు, అన్నాను వాడితో.

తల వంచుకున్నాడు.

ఓదిల్ గోడకేసి తిరిగింది.

నేను మొండితనం అనుకున్నాను. సొంత ఒంటి పేర్లు కూడా రావా అని అందరి ముందూ అనేశాను.

పద్నాలుగు తలలూ వంగాయి. సిమానే నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

అప్పుడు గుర్తొచ్చింది – అక్క వింటుండగా తమ్ముడు, తమ్ముడు వింటుండగా అక్క, ఒంటి మాట ఎత్తకూడదు. చిన్నప్పుడు అమ్మ చెప్పనే చెప్పింది. నౌమియా పట్నంలో పెరిగి, అక్కడే చదివి, అమ్మ ఊరికి పాఠాలు చెప్పడానికి వచ్చి... అమ్మ మాటే మర్చిపోయాను. సిగ్గేసింది. వాడు ఇక బడి ముఖం చూడకపోతే ఆ పాపం నాదే. మూడు రాత్రులు సరిగా నిద్ర లేదు.

నాలుగో రోజు సాయంత్రం వాడి తాత ఇసాయా దగ్గరికి వెళ్ళాను. మా ఆచారం ప్రకారం ఎర్రపూల గుడ్డ ఒక గజం, పొగాకు పొట్లం ఒకటి ఆయన ముందు చాప మీద పెట్టాను. తల ఎత్తకుండా తప్పు ఒప్పుకున్నాను.

ఆయన గుడ్డ మీద చెయ్యి వేశాడు. పుచ్చుకున్నట్టే.

ఊపిరి వచ్చింది నాకు.

"నౌమియా నీళ్ళు తాగితే ఇంత మతిమరుపా అమ్మాయ్?" అన్నాడు.

వాణ్ణి పంపిస్తానని అనలేదు, పంపనని అనలేదు. వాడి ఇష్టం, అన్నాడు. లోపలికి వెళ్ళి ఒక కొత్త పెండలం తెచ్చి, అదే గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టాడు.

"మెడ కింద చెయ్యి వెయ్యి. పసిబిడ్డని ఎప్పుడూ ఎత్తుకోలేదా ఏంటి?"

మెడ.

అవును... దీనికి మెడ ఉంది. తల ఉంది, పొట్ట ఉంది, కాళ్ళున్నాయి. మా వాళ్ళు ఎప్పుడూ ఇలాగే అంటారు. పెండలం ఒంటి గురించి ఎవరి ముందైనా, ఎంతైనా మాట్లాడుకోవచ్చు.

దారి పొడుగునా దాన్ని ఎత్తుకునే నడిచాను. జోల పాడడమొక్కటే తక్కువ.

మర్నాడు పొద్దున సిమానే చోటు ఖాళీగానే ఉంది. అయినా పాఠం మొదలుపెట్టాను. పెండలాన్ని ఒంటి చేత్తో పైకెత్తి చూపించాను.

"మెడ... మెడ పట్టుకోండి మేడం."

గుమ్మంలోంచి. మా దీవి భాషలో.

సిమానే.

ఎప్పుడొచ్చాడో తెలియదు. నా మీద కోపం ఉందో లేదో తెలియదు. పెండలాన్ని అలా పట్టుకోవడం మాత్రం చూడలేకపోయాడు. గబగబా వచ్చి, నా చేతుల్లోంచి తీసుకుని, మోచేతి ఒంపులో పడుకోబెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, ఫ్రెంచిలో –

"కూ."

మెడ.



అవతలి బల్ల నుంచి ఓదిల్, పెండలాన్నే చూస్తూ, "వాంత్ర్" అంది. పొట్ట. వాడు దాని పొట్ట నిమిరాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. చూసుకోనక్కర్లేదు కూడా. ఆ తర్వాత గదంతా ఒకటే గోల. తల, వీపు, పాదం, చర్మం... పద్నాలుగు గొంతులు, అందరికీ కలిపి ఒక్క ఒళ్ళు.

నేను కుర్చీలో కూలబడ్డాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి వస్తే మనిషి ఎలా ఉంటుందో పిల్లలు ఆ రోజు చూశారు.

గంట కొట్టాక అందరూ వెళ్ళిపోయారు. సిమానే మాత్రం పెండలాన్ని గుడ్డలో చుడుతూ ఆగాడు. బోర్డు మీది జాబితాలో మిగిలిన మాట చూశాడు. మోకాలు.

"దీనికి మోకాళ్ళు లేవు మేడం. మరి రేపు ఎలా చెప్తారు?"



రేపు, అన్నాడు వాడు. అంటే రేపూ వస్తాడు.